ఏడో నెల, స్టాఫ్ టికెట్, నలుగురం: వెళ్ళొచ్చా?

ప్రశ్న: మా ఆయన ఒక విమాన సంస్థలో మెయింటెనెన్స్ విభాగంలో పని చేస్తారు. మాకు స్టాఫ్ టికెట్లు వస్తాయి, అంటే డబ్బు కట్టినవాళ్ళు ఎక్కాక సీట్లు మిగిలితేనే మమ్మల్ని ఎక్కిస్తారు. నాకిప్పుడు 27వ వారం. పోయిన నెల నేను, ఆయన, మా నాలుగేళ్ళ పాప, అత్తగారు కలిసి మా అక్క దగ్గరికి బయల్దేరాం. పొద్దున 5 గంటలకి ఎయిర్‌పోర్టుకి వెళ్తే రాత్రి 7 దాకా గేట్ల చుట్టూ తిరగడమే సరిపోయింది. కళ్ళ ముందే మూడు ఫ్లైట్లు వెళ్ళిపోయాయి. మూడోదాంట్లో రెండు సీట్లు ఉన్నాయి, ఎవరైనా ఇద్దరు వెళ్తారా అని అడిగారు. ఆయన "నువ్వూ అమ్మా వెళ్ళండి" అన్నారు, పాపేమో నా చున్నీ పట్టుకుని వదల్లేదు, అత్తగారు "దారిలో దీనికేమన్నా అయితే నేనేం చెయ్యను" అన్నారు, మేం ఇలా అనుకుంటుండగానే వాళ్ళు తర్వాతి పేర్లు పిలిచేశారు. ఇంటికి తిరిగొచ్చి రెండ్రోజులు ఎవరం ఎవరితో సరిగ్గా మాట్లాడుకోలేదు. ఇప్పుడు 31వ వారంలో వెళ్ళి ఒక నెల ఉండి వద్దామంటున్నారు. ఊరికే వచ్చే టికెట్ ఎందుకు వదులుకోవాలని ఆయన వాదన. నాకేమో గేట్ తలుచుకుంటేనే టెన్షన్. వెళ్ళొచ్చా?

జవాబు: మీరు ప్రయాణం చెయ్యొచ్చా లేదా అన్నది మీ డాక్టరు చెప్పాలి, అది నా పని కాదు. కానీ మీ ఆయన వేసిన ప్లాన్ మాత్రం వద్దు, ఎందుకో చెప్తాను. మీరిద్దరూ వెళ్ళే రోజు గురించే పోట్లాడుకుంటున్నారు, నాకు భయంగా ఉన్నది మీరు తిరిగొచ్చే రోజు గురించి.

లెక్క చూడండి. 31వ వారంలో వెళ్ళి నెల ఉంటే వచ్చేసరికి 35. కడుపులో ఒక్క బిడ్డే ఉండి, ఏ ఇబ్బందీ లేకపోతే 36వ వారం చివరిదాకా ఎక్కనివ్వొచ్చని, కవలలైతే 32 దాకానే అని అంతర్జాతీయ విమాన రవాణా సంఘం ఐయాటా వైద్య సూచనలు చెప్తాయి. చాలా సంస్థలు ఇంచుమించు అదే పాటిస్తాయి, కొన్ని ఇంకా ముందే ఆపేస్తాయి. అంటే మీ చేతిలో ఉన్నది ఒకట్రెండు వారాలు. డబ్బు కట్టి కొన్న టికెట్ అయితే ఆ వారాలు బోలెడు. మీలా మిగిలిన సీటు కోసం కాచుకునే టికెట్‌కి, అంటే స్టాండ్‌బైకి, అదేమూలకీ రాదు, పోయిన నెల ఒక్క రోజులోనే మూడు ఫ్లైట్లు పోయాయని మీరే రాశారు కదా. సెలవుల్లో, పండగల్లో అయితే అలాంటి రోజులు వరసగా నాలుగైదు రావచ్చు. అలా జరుపుకుంటూ పోతే గీత దాటిపోతుంది, అప్పుడిక సీట్లు ఖాళీగా ఉన్నా ఎక్కించరు. కాన్పు అక్కడే, మీ రిపోర్టులు తెలియని డాక్టరు దగ్గర.

ఇంకో మెలిక, దీన్ని చాలామంది మర్చిపోతారు. 28 వారాలు దాటాక చాలా సంస్థలు డాక్టరు లెటర్ అడుగుతాయి, దాన్నే ఫిట్ టు ఫ్లై లెటర్ అంటారు. డ్యూ డేట్ ఎప్పుడు, ఒక్క బిడ్డా కవలలా, ఇబ్బందులేమన్నా ఉన్నాయా, ప్రయాణానికి పనికొస్తారా అన్నవి అందులో ఉండాలి. ఆ లెటర్‌కీ గడువుంది. సంస్థను బట్టి ఒకచోట 3 రోజులు, ఒకచోట 7, ఒకచోట 10. కన్ఫర్మ్ టికెట్ ఉన్నావిడ ఆ లెటర్‌ని ఒక్కసారి చూపించి ఎక్కేస్తుంది. 3 రోజుల గడువున్నచోట మీరు సోమవారం లెటర్ పట్టుకెళ్ళి శుక్రవారం దాకా సీటు రాకపోతే చేతిలో కాగితం ఉన్నట్టే ఉంటుంది కానీ చెల్లదు. తిరుగు ప్రయాణానికైతే అక్క ఉన్న ఊళ్ళో ఏ డాక్టరు రాసిస్తారు? మిమ్మల్ని ఒక్కసారి కూడా చూడని డాక్టరు ఊరికే సంతకం పెట్టరు, పెట్టకూడదు కూడా. ఇది వెళ్ళకముందే తేల్చుకోవాలి.

ఇంట్లో మనం నెలల్లో లెక్కపెడతాం, విమానం వాళ్ళు వారాల్లో పెడతారు, గొడవంతా ఇక్కడే వస్తుంది. "ఎనిమిదో నెల" అంటే ఒకరికి 30 వారాలు, ఇంకొకరికి 34. గేట్ దగ్గర మీ అత్తగారు ఒక నెల చెప్పి, లెటర్‌లో ఇంకోటి ఉంటే, అనుమానంతో మిమ్మల్ని పక్కన నిలబెడతారు. స్కానింగ్ రిపోర్టులో ఉన్న వారాల లెక్కే అందరూ చెప్పండి.

మరి ఏం చెయ్యాలి? డాక్టరు సరే అంటే ఈ వారమో వచ్చే వారమో వెళ్ళండి, నెల కాదు, పది పన్నెండు రోజులుండి వచ్చెయ్యండి. 30 వారాల్లోపు ఇంట్లో ఉంటారు. వెళ్ళేటప్పుడు కావాలంటే స్టాండ్‌బైలోనే వెళ్ళండి, సీటు రాకపోతే మీ ఇంటికే కదా తిరిగొచ్చేది. వచ్చేటప్పుడు మాత్రం మీ ఒక్కరికీ డబ్బు కట్టి కన్ఫర్మ్ టికెట్ కొనమనండి, తేదీ మార్చుకునే వీలున్నది. మిగతా ముగ్గురూ అదే ఫ్లైట్‌కి స్టాండ్‌బైలో పేర్లు ఇచ్చుకుంటారు, వస్తే కలిసి వస్తారు, రాకపోతే మర్నాడు వస్తారు. "ఊరికే వచ్చే టికెట్" అంటున్న మీ ఆయన్ని, మూడు రాత్రులు హోటల్లో ఉండాల్సి వస్తే ఎవరు కడతారో అడగండి. సీటు దొరకని స్టాఫ్ ప్రయాణికులకి హోటలూ ఇవ్వరు, భోజనం కూపనూ ఇవ్వరు. ప్రయాణికుల హక్కుల గురించి గొప్పగా చెప్పుకునే యూరోపియన్ యూనియన్ 2004 నాటి 261 నిబంధన కూడా, ఉచితంగానో, మామూలు జనానికి దొరకని తగ్గింపు ధరకో వెళ్ళేవాళ్ళకి వర్తించదు. ట్రావెల్ ఇన్సూరెన్స్ ఉంటే ఆ కాగితాలు తీసి చదవండి, స్టాండ్‌బైలో సీటు రాలేదంటే చాలా పాలసీల్లో పైసా రాదు.

నేనేదో పుస్తకం చదివి చెప్పట్లేదు. చాలా ఏళ్ళు గేట్ దగ్గర పని చేశాను, పేర్లు పిలిచింది నేనే, పిలవనిది కూడా నేనే. రెండోవాడు కడుపులో ఉండగా 24వ వారంలో మా మూడేళ్ళ పెద్దాణ్ణి తీసుకుని స్టాఫ్ టికెట్‌మీద బయల్దేరాను. పేర్లు వచ్చాయి, ఎక్కాం, చివరి నుంచి రెండో వరస. వాడికి బెల్టు పెట్టాను, నా చెప్పులు విప్పి కాళ్ళు చాపుకున్నాను, వాడు కిటికీ తెర పైకీ కిందకీ లాగుతున్నాడు. అప్పుడు గేట్ నుంచి ఒకమ్మాయి చేతిలో కాగితంతో నడవలో వస్తోంది. ఆ నడక నాకు తెలుసు, నేనూ అలాగే నడిచేదాన్ని. వేరే ఊరి నుంచి వచ్చే ఫ్లైట్ ఆలస్యమై, అందులోంచి దిగి ఇది ఎక్కాల్సిన ఇద్దరు పరిగెత్తుకొచ్చారు, సీట్లు వాళ్ళవి. దిగాం. పిల్లాణ్ణి కూర్చోబెట్టి తోసే బండి అప్పటికే కింద సామాన్లలోకి వెళ్ళిపోయింది, నిద్రలోకి జారుతున్న పెద్దాణ్ణి ఒక పక్క నడుం మీద, ఇంకో పక్క పొట్ట, విమానం నుంచి గేట్ దాకా ఉండే ఆ వంతెన దారంతా వెనక్కి నడిచాను. "మనమేం తప్పు చేశాం?" అని అడిగాడు వాడు. ఆ గేట్ అమ్మాయిని ఏమీ అనలేకపోయాను, తన పని తను చేసింది. కాబట్టి సీట్లో కూర్చున్నాక కూడా తలుపు వేసేదాకా అక్కకి "ఎక్కేశాం" అని ఫోన్ చెయ్యకండి.

ఇక విడిపోయే సంగతి. అది గేట్ దగ్గర తేలేది కాదు. అక్కడ మీకు దొరికేది అర నిమిషం, వెనక ఇరవై మంది పేర్ల కోసం చెవులు రిక్కించి ఉంటారు. నలుగురూ ఒకే బుకింగ్‌లో ఉండి మూడే సీట్లుంటే, "విడిగా వెళ్తారా" అని అడుగుతారు, మీరు నసిగితే కింది పేరుకి వెళ్ళిపోతారు, మీకు అయ్యిందదే. అందుకని ముందే ఇద్దరిద్దరుగా రెండు బుకింగులు పెట్టించండి. జోడీల విషయంలో నా మాట: మీరూ మీ ఆయనా ఒకటి కాదు, పాప అలవాటు పడకపోతే మీరూ అత్తగారూ ఒకటి కూడా కాదు. పాప మీ చున్నీ వదలట్లేదు కాబట్టి ఇంట్లోనే నాలుగు రోజుల ముందు నుంచి "నువ్వూ నాన్నా వేరే విమానంలో వస్తారు" అని ఆటలా చెప్తూ ఉండండి, అలవాటైతే మీరూ అత్తగారూ ముందు వెళ్ళొచ్చు. అలవాటు కాకపోతే మీ ఆయనా, మీరూ, పాపా ముగ్గురూ ఒకటి, అత్తగారు ఒంటరిగా ప్రయాణం చెయ్యగలిగితే ఆవిడది విడిగా. ఇదేదీ కుదరదనిపిస్తే స్టాండ్‌బై మీ ఇంటికి పడదు, అంతే, అందులో సిగ్గుపడాల్సింది లేదు. ఉద్యోగి పక్కన లేకుండా కుటుంబం ఒంటరిగా వెళ్ళొచ్చా అన్నది సంస్థకో రకంగా ఉంటుంది, మీ ఆయన ఆఫీసులో అడిగి తెలుసుకోవాలి. ఎవరు ముందు వెళ్ళినా మీ రిపోర్టుల ఫైలు, మందులు, లెటర్ మీ భుజానికున్న సంచిలోనే ఉండాలి, పాప కాగితాలు పాప వెంట ఉన్న మనిషి దగ్గర. ఫోన్ ఛార్జర్ ఒక్కటే తీసుకెళ్ళి అది అటు పోయిందని ఇటు ఏడ్చేవాళ్ళని ఎంతమందిని చూశానో.

పెద్ద సామాను వెయ్యకండి. మీరు ఆగిపోయి పెట్టె వెళ్ళిపోవడం, లేదా పెట్టె కోసం మీరు ఆగిపోవడం, రెండూ చూశాను.

ఫ్లైట్ ఎంచుకోవడంలో మీ ఆయనకే నాకంటే ఎక్కువ తెలిసుండాలి, అయినా చెప్తున్నాను. రోజుకి ఒక్కటే ఫ్లైట్ ఉన్న దారి పెట్టుకోవద్దు, ఐదారు ఉన్న దారి చూడండి, తెల్లవారుజామున మొదటిది పట్టండి. ఆ రోజు ఒక ఫ్లైట్ రద్దయిందంటే అందులోని జనమంతా తర్వాతి వాటిమీద పడతారు, సాయంత్రానికి ఖాళీ అన్నది ఉండదు. యాప్‌లో 9 సీట్లు ఖాళీ అని చూసి సంబరపడటం కూడా తప్పే. మీ ముందు ఎన్ని పేర్లున్నాయో చూడాలి. 9 సీట్లుండి 11 పేర్లు ముందుంటే మీది వెయిటింగే. ఒక్కోసారి సీట్లు కళ్ళకి కనిపిస్తున్నా ఇవ్వరు, ఎండ మండిపోతున్నప్పుడు, ఎదురుగాలికి ఇంధనం ఎక్కువ నింపినప్పుడు బరువు సరిపోదని ఆపేస్తారు. అప్పుడు గేట్‌లో అమ్మాయితో వాదించి లాభం లేదు.

ఒంటి సంగతి కూడా రెండు మాటలు. నాలుగు గంటలు దాటిన ప్రయాణంలో కాళ్ళ సిరల్లో రక్తం గడ్డ కట్టే ప్రమాదం గర్భిణులకి మామూలు వాళ్ళకంటే ఎక్కువ, అందుకే లేచి నడవమంటారు, కొందరికి బిగుతు మేజోళ్ళు రాస్తారు, మీ డాక్టర్ని అడగండి. కానీ మీరు 14 గంటలు ఎయిర్‌పోర్టులో కూర్చున్నారే, దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. అక్కడ కుర్చీలో కదలకుండా కూర్చోవడం కూడా కూర్చోవడమే. పేరు పిలుస్తారేమోనని బాత్‌రూముకి కూడా వెళ్ళకుండా, నీళ్ళు తాగకుండా బిగబట్టుకునే ఆడవాళ్ళు నాకు తెలుసు. విమానంలో గాలి తేమ 20 శాతంలోపే ఉంటుంది, అప్పటికే ఎండిపోయిన ఒంటితో ఎక్కితే తల తిరగదా మరి. గంటకోసారి లేవండి, తాగండి, వెళ్ళండి, పేరు వినడానికి మీ ఆయన ఉన్నారు. పైకి వెళ్ళాక లోపలి ఒత్తిడి 6,000 నుంచి 8,000 అడుగుల కొండమీద ఉన్నట్టుంటుంది. ఏ ఇబ్బందీ లేని గర్భిణికి అది ఫర్వాలేదు, బాగా రక్తం తక్కువున్నవాళ్ళకి, బీపీ పెరిగినవాళ్ళకి, మాయ కిందికి ఉందన్నవాళ్ళకి ముందే డాక్టరు చెప్పాలి. కడుపులో గ్యాస్ కూడా పైకి వెళ్తే వ్యాకోచిస్తుంది, అదో నరకం, ఎక్కేముందు పొట్ట నిండా తినకండి.

స్టాండ్‌బైకి మిగిలేది ఎక్కువగా వెనక మధ్య సీట్లే. నడవ పక్క సీటు వాళ్ళని మర్యాదగా అడిగితే పది మందిలో చాలామంది మారతారు. ఎమర్జెన్సీ తలుపు పక్క వరసలో మాత్రం గర్భిణుల్ని సాధారణంగా కూర్చోనివ్వరు, ఆఖరి సీటు అదే అయితే ఇంకొకరితో మార్చాల్సి వస్తుంది, అది గేట్ దగ్గరే చెప్పండి, ఎక్కాక కాదు.

రక్తస్రావం, ఉమ్మనీరు కారడం, వరసగా నొప్పులు, ఒక్క కాలే వాచి నొప్పి పెట్టడం, ఊపిరి ఆడకపోవడం, తగ్గని తలనొప్పి. ఇందులో ఏది కనిపించినా సీటు దొరికినా సరే ఎక్కకండి. మూడు రోజులుగా ఎదురు చూసిన సీటు అది కావచ్చు, అయినా సరే.

ప్రశ్న: గర్భిణిని అని చెబితే స్టాండ్‌బై లిస్టులో ముందుకి జరుపుతారా?

జవాబు: జరపరు. ఆ వరస టికెట్ రకాన్ని బట్టి, ఉద్యోగంలో చేరిన తేదీని బట్టో చెకిన్ చేసిన సమయాన్ని బట్టో వస్తుంది. కడుపు చూసి జాలిపడి నేను వరస మారిస్తే నా ఉద్యోగం పోయేది. సీటు వచ్చాక ముందు ఎక్కనివ్వడం, కుర్చీ చూపించడం, వీల్‌చైర్ పిలవడం చేస్తారు, మొహమాటపడకుండా అడగండి. కానీ ఒక సంగతి, జాలి పుట్టించడానికి "నడుం లాగేస్తోంది, నొప్పిగా ఉంది" అని మాత్రం అనొద్దు. ఆ మాట విన్నాక గేట్ వాళ్ళు డాక్టర్ని పిలవాలి, ఆ ఫ్లైట్ మీకు పోయినట్టే. నిజంగా నొప్పి ఉంటే అనండి, పోతే పోనీ.

ప్రశ్న: నాకు 34 వారాలు, చూస్తే తెలియదు. వదులు బట్టలు వేసుకుని, అడిగితే 30 అని చెప్తే?

జవాబు: అబద్ధం నిలబడితే మీరు ఆకాశంలో డాక్టరు లేకుండా ఉంటారు, నిలబడకపోతే మీ ఇంట్లో ఉద్యోగి సంజాయిషీ రాసుకుంటారు. స్టాఫ్ టికెట్ ఆ ఉద్యోగి పేరు మీద వచ్చేది, కుటుంబం చేసిన పనికి ఆ సౌకర్యం ఆగిపోవడం మామూలే. కవలలైతే మీరు ఇప్పటికే గీత దాటారు. ఒక్క బిడ్డయితే దాచుకునే అవసరమే లేదు, ఆ సంస్థ నియమం చూసుకుని లెటర్ తెచ్చుకుంటే చాలాచోట్ల 34లో రాజమార్గంలో ఎక్కిస్తారు.

ప్రశ్న: మా ఆవిడకి ఐదో నెల. సెక్యూరిటీ స్కానర్, పైన ఉండే రేడియేషన్ బిడ్డకి హాని చేస్తాయా?

జవాబు: లోహాన్ని పట్టే గుమ్మం పని చేసేది అయస్కాంత క్షేత్రంతో, ఎక్స్‌రే కాదు. చేతులెత్తి నిలబడే స్కానర్లు ఇప్పుడు ఎక్కువచోట్ల మిల్లీమీటర్ తరంగాలవి, వాటిలోనూ ఎక్స్‌రే లేదు. మనసొప్పకపోతే చేత్తో తనిఖీ చెయ్యమని అడగొచ్చు. పైన అంతరిక్షం నుంచి వచ్చే రేడియేషన్ ఉన్న మాట నిజమే, అది నెలంతా ఎగిరే సిబ్బంది లెక్కపెట్టుకోవాల్సింది, ఎప్పుడో ఒకసారి వెళ్ళేవాళ్ళకి చాలా తక్కువ. మీ దృష్టి ఆవిడ నీళ్ళ సీసా మీద పెట్టండి.

ప్రశ్న: ఆరో నెల, ఒళ్ళో ఏడాదిన్నర బాబు. మేం ముగ్గురం స్టాఫ్ టికెట్ మీద వెళ్తున్నాం. బాబుకి విడిగా సీటు అక్కర్లేదు కదా, ఇంకేమన్నా చూసుకోవాలా?

జవాబు: రెండేళ్ళలోపు ఒళ్ళో కూర్చోవచ్చు, కానీ వాడి పేరు కూడా బుకింగ్‌లో ఉండాలి, "ఒళ్ళో పిల్లాడే కదా" అని వదిలేసి గేట్ దగ్గర చెబితే అప్పుడు మొదలవుతుంది పరుగు. ఒక్కో వరసకి అదనపు ఆక్సిజన్ మాస్కులు కొన్నే ఉంటాయి, అందుకని మీ పక్కనే ఇంకో ఒడి పిల్లాడు ఉంటే మిమ్మల్ని వేరే వరసకి మారుస్తారు. ఉయ్యాల తొట్టి మీద ఆశ పెట్టుకోవద్దు, అది ముందే తీసుకున్నవాళ్ళకే సరిపోదు. బెల్టు మీ పొట్ట కింద, తుంటి మీదుగా రావాలి, పొట్టమీదుగా కాదు, బాబుని మీ బెల్టు లోపల బిగించకూడదు. ఆ వయసు పిల్లాడు కాళ్ళతో తన్నుతాడు, ఆరో నెల పొట్టకి వాడికీ మధ్య జాగా ఎక్కడుంది? మీ ఆయన ఒళ్ళో కూర్చోబెట్టండి, ఆయనకీ సీటు వస్తే.